స్పీచ్ థెరపీలో క్యాలెండర్ కృత్యాలు

రోజులు, వారాలు, నెలలు కంటికి కనిపించేలా అమర్చి, వాటి ఆధారంగా పిల్లల చేత మాట్లాడించే పనిని స్పీచ్ థెరపీలో క్యాలెండర్ కృత్యాలు అంటారు. దానికి గోడ క్యాలెండరే కావాలని లేదు. బల్ల మీద వరసగా పెట్టిన చెంచా, తువ్వాలు, చెప్పులు కావచ్చు. ఏడు గళ్లు గీసిన అట్ట కావచ్చు. రోజుకో కాగితం చింపే క్యాలెండర్ కావచ్చు. అమ్మ పాల లెక్క రాసుకునే నెల క్యాలెండరైనా కావచ్చు. మాటలు ఆలస్యంగా వస్తున్న పిల్లలు, ఆటిజం ఉన్నవాళ్లు, వినికిడి లోపం ఉన్నవాళ్లు, చూపూ వినికిడీ రెండూ దెబ్బతిన్నవాళ్లు, బుద్ధి వికాసం నెమ్మదిగా సాగేవాళ్లు, ఇలా రకరకాల అవసరాలున్న పిల్లలతో దీన్ని వాడతారు. వీళ్లలో పైకి కారణమేదీ కనిపించకుండానే భాషలో వెనకబడేవాళ్లు కూడా ఉంటారు. ఈ స్థితిని ‘వికాసపరమైన భాషా లోపం’ అని పిలవాలని డొరొతీ బిషప్ నాయకత్వంలో పనిచేసిన నిపుణుల బృందం 2017లో తేల్చింది. అమెరికాలో టాంబ్లిన్ బృందం 1997లో ప్రచురించిన సర్వేలో కిండర్‌గార్టెన్ వయసు పిల్లల్లో ఇలాంటివాళ్లు 7.4 శాతం ఉన్నారు.

పేరు చూసి ఇది వారాలు, తేదీలు నేర్పే పాఠమని చాలామంది అనుకుంటారు. వారాలు, తేదీలు వస్తే మంచిదే కానీ అసలు గురి అది కాదు. ఎదురుగా ఉన్న కుక్కని చూసి ‘కుక్క’ అనడం ఒక ఎత్తు, నిన్న వీధిలో తరిమిన కుక్క గురించి ఇవాళ చెప్పడం ఒక ఎత్తు. రెండో పని చేయాలంటే జరిగింది గుర్తు తెచ్చుకోవాలి, వినేవాళ్లు అక్కడ లేరని గ్రహించాలి, క్రియని భూతకాలంలోకి మార్చాలి, ముందు జరిగింది ముందు చెప్పాలి. భాషా లోపం ఉన్న పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కళ్ల ముందు లేని సంగతికి క్యాలెండర్ ఒక చోటు చూపిస్తుంది. ‘ఇదిగో, ఈ గడిలో జరిగింది’ అని వేలు పెట్టి చూపించవచ్చు. థెరపీలో క్యాలెండర్ పనికొచ్చేది అందుకే.

పిల్లలకు కాలం తెలిసే తీరు

పెద్దవాళ్లకి రేపు అనేది కచ్చితమైన రోజు. మూడేళ్ల పిల్లకి అది ‘ఇప్పుడు కాదు’ అనే మాట. క్యాథరిన్ టిల్మన్, డేవిడ్ బార్నర్, వారి సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఒక గీత చూపించి, ‘నిన్న’, ‘రేపు’, ‘పోయిన వారం’ లాంటి మాటల చోటు దాని మీద గుర్తు పెట్టమన్నారు. ఒక మాట గడిచిన కాలానిదా రాబోయే కాలానిదా అన్నది పిల్లలకు ముందు తెలుస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదీ పట్టుబడుతుంది. ఎంత దూరం అన్నది మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది. అంటే నిన్న అనేది గడిచిపోయిందని తెలిసిన పిల్లవాడికి అది సరిగ్గా ఒక్క రోజు వెనక అని తెలియకపోవచ్చు.

విలియం ఫ్రీడ్‌మన్ 1991లో ఇంకో కోణం చూపించాడు. వారం కిందటి సంఘటన, ఏడు వారాల కిందటి సంఘటన, ఈ రెండింటిలో ఏది దగ్గరిదో నాలుగేళ్ల పిల్లలు చెప్పగలిగారు. అది ఏ రోజు, ఏ నెల, ఏ రుతువు అంటే చెప్పలేకపోయారు. జ్ఞాపకం ఉంది, దాన్ని తగిలించే కొక్కెం లేదు.

ఇంకా ముందుకు వెళ్తే, క్యాథరిన్ నెల్సన్ సంపాదకత్వంలో 1989లో వచ్చిన ‘నెరేటివ్స్ ఫ్రమ్ ద క్రిబ్’ అనే పుస్తకం ఒకే ఒక పాప మాటల మీద నడుస్తుంది. ఇరవై ఒకటో నెల నుంచి మూడో ఏడు నిండేదాకా ఆ పాప నిద్రపోయే ముందు ఉయ్యాల మంచంలో తనలో తాను చెప్పుకున్న మాటలను తల్లిదండ్రులు రికార్డు చేశారు. ఆ గొణుగుడులో ఎక్కువ భాగం జరిగిపోయిన వాటి గురించి, జరగబోయే వాటి గురించి. పగలు అమ్మానాన్నలు ‘రేపు ఇలా చేద్దాం’ అని చెప్పినవి రాత్రి ఆమె నోట తిరిగి వినిపించేవి. భాష ఏ అడ్డంకీ లేకుండా పెరిగే పిల్లలు ఈ సాధన తమంత తామే చేసుకుంటారు. చేసుకోలేని పిల్లలకు థెరపిస్టు దాన్ని బల్ల మీద పరిచి చేయిస్తుంది.

కాబట్టి నాలుగేళ్ల బాబు ‘నిన్న’ అని పోయిన నెల ఊరెళ్లిన సంగతి చెబితే అది లోపం కాదు. తెలుగువాళ్లలో పెద్దలే ‘మొన్న’ అనే మాటని అంత కచ్చితంగా వాడరు. ‘మొన్నామధ్య’ అంటే రెండు రోజులా, రెండు నెలలా అన్నది చెప్పేవాళ్ల ఇష్టం. పరీక్ష పెట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతే లేని లోపాన్ని కాగితం మీద సృష్టిస్తారు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది

క్యాలెండర్ పనికి ఒకే పుట్టిల్లు లేదు. అందులో బలమైన పాయ నెదర్లాండ్స్‌లోని సింట్ మిహీల్స్‌గెస్టెల్ బధిర విద్యాలయం నుంచి వచ్చింది. అక్కడ యాన్ ఫాన్ డైక్ చూపూ వినికిడీ లేని పిల్లలతో పనిచేశాడు. చూడలేని, వినలేని బిడ్డకి రోజు అంటే ఉన్నట్టుండి ఎవరో ఎత్తుకోవడం, ఎవరో నీళ్లు పోయడం, నోట్లో ఏదో పెట్టడం. ఏది ఎప్పుడు వస్తుందో తెలియదు. స్నానానికి ముందు తువ్వాలు ముక్క చేతికిచ్చి తడిమించి, అప్పుడు స్నానం చేయిస్తే, కొన్నాళ్లకు ఆ ముక్కే స్నానానికి పేరవుతుంది. అలాంటి వస్తువులను వరసగా గళ్లలో పెట్టి, పని అయిపోగానే ‘అయిపోయింది’ బుట్టలో వేయిస్తే, రోజుకొక ఆకారం వస్తుంది. 1964-65లో అమెరికాలో రుబెల్లా చెలరేగి, పుట్టుకతోనే దాని లోపాలున్న పిల్లలు దాదాపు 20,000 మంది పుట్టారు. వాళ్ల చదువు కోసం వెతికినవాళ్లకి ఫాన్ డైక్ పని ఆధారమైంది. టెక్సాస్‌లోని అంధుల పాఠశాల 2001లో ప్రచురించిన రాబీ బ్లాహా పుస్తకం ఈ క్యాలెండర్ల తయారీని వస్తువుల దశ నుంచి నెల, ఏడాది దాకా మెట్టుమెట్టుగా వివరిస్తుంది. మన దేశంలో ఇలాంటి పిల్లల చదువు ముంబయిలో 1977లో మొదలైన హెలెన్ కెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌తో గట్టిపడింది.

రెండో పాయ ఆటిజం వైపు నుంచి వచ్చింది. ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షోప్లర్ 1972లో రాష్ట్రమంతటికీ విస్తరించిన టీచ్ కార్యక్రమం రోజు పనుల పటాన్ని, అంటే బొమ్మల వరసని, తరగతి గదికి వెన్నెముకగా చేసింది. మూడోది బధిరుల చదువు. సింట్ మిహీల్స్‌గెస్టెల్‌లోనే పనిచేసిన ఫాదర్ ఆంటోనియస్ ఫాన్ ఉడెన్ సంభాషణే పాఠమని వాదించాడు. పిల్లవాడు సైగతోనో, విరిగిన శబ్దంతోనో చెప్పబోయేదాన్ని టీచరు పట్టుకుని, అతని తరఫున పూర్తి మాటల్లో అని, మళ్లీ తన తరఫున జవాబు చెప్పడం అతని పద్ధతి. మన దేశంలో వినికిడి లోపమున్న పిల్లల టీచర్ల శిక్షణలో ‘న్యూస్’ అనే పాఠ్యపద్ధతి ఇప్పటికీ ఉంది. పిల్లలు ఇంటి దగ్గర జరిగింది వచ్చి చెబుతారు, టీచరు దాన్ని బోర్డు మీద రాస్తుంది. తేదీ వేసి రాసే ఆ వార్తకీ క్యాలెండర్ కృత్యానికీ దగ్గర చుట్టరికం.

మామూలు నర్సరీ బడుల్లో పొద్దున్నే గుండ్రంగా కూర్చోబెట్టి ‘ఇవాళ ఏ వారం, ఏ తేదీ, ఎండా వానా’ అని అడిగే అలవాటు వేరే దారిన వచ్చింది. దాని మీద వచ్చిన విమర్శని తర్వాత చూద్దాం.

తెలుగు క్రియకి పరీక్ష

క్యాలెండర్ పనిని ఇంగ్లిష్ పుస్తకంలోంచి ఎత్తి తెలుగు పిల్లల ముందు పెడితే సగమే పనిచేస్తుంది. కాలాన్ని చెప్పే తీరు భాషభాషకీ వేరు. తెలుగులో ‘వస్తాడు’ రెండు పనులు చేస్తుంది. ‘మామయ్య రేపు వస్తాడు’ భవిష్యత్తు. ‘పాలబ్బాయి రోజూ వస్తాడు’ అలవాటు. క్రియ ఒకటే. విడదీసేది పక్కన ఉన్న ‘రేపు’, ‘రోజూ’ అనే మాటలే. పిల్లలు సరిగ్గా ఆ చిన్న మాటల్నే వదిలేస్తారు. ఏడు గళ్ల అట్ట మీద ఈ తేడా చూపించడం తేలిక. పాల ప్యాకెట్ బొమ్మ ఏడు గళ్లలోనూ ఉంటుంది, మామయ్య ఫొటో ఒక్క గడిలోనే ఉంటుంది.

లేదనే మాటలు ఇంకా చిక్కు. ‘రాలేదు’ గడిచినదానికి, ‘రాడు’ రాబోయేదానికి. ‘రావట్లేదు’, ‘రావద్దు’, ‘రాలేడు’ మళ్లీ వేరు. భాషలో వెనకబడిన పిల్లలు వీటన్నిటి బదులు ఒక్క ‘లేదు’తో సరిపెట్టేస్తారు. ‘మామయ్య లేదు’ అంటే రాలేదా, రాడా, వెళ్లిపోయాడా? నిన్నటి గడిలో పెట్టిన ఫొటో మీద గీత కొడితే ‘రాలేదు’. రేపటి గడిలోంచి ఫొటో తీసేస్తే ‘రాడు’. చేతి పని మాటకి దారి చూపిస్తుంది.

తెలుగు కథనానికి అసలు బలం ‘చేసి, తిని, వెళ్లి’ అనే గొలుసులో ఉంది. ‘లేచాడు. పళ్లు తోముకున్నాడు. తిన్నాడు’ అని మూడు ముక్కలుగా చెప్పే పిల్లవాడు తప్పు మాట్లాడటం లేదు, కానీ అయిదేళ్లు దాటాక అతని తోటివాళ్లు ‘లేచి, పళ్లు తోముకుని, టిఫిన్ తిని బడికెళ్లాను’ అంటారు. రోజు పనుల బొమ్మలను దారానికి క్లిప్పులతో తగిలించి, ఒక బొమ్మ దగ్గర ఆగకుండా రెండో బొమ్మకి జారిపోతూ చెప్పిస్తే ఈ గొలుసు పట్టుబడుతుంది. ఆ తర్వాతి మెట్టులో ‘తిన్న తర్వాత’, ‘తినక ముందు’, ‘రాగానే’, ‘వెళ్లేటప్పుడు’, ‘వాన వస్తే’ వస్తాయి. వీటిలో ‘తినక ముందు’ పిల్లలకి కష్టం. రూపంలో లేదనే అర్థం దాగి ఉంటుంది, పైగా చెప్పే వరస జరిగే వరసకి ఎదురుగా నడవవచ్చు. దాన్ని చివరికి ఉంచడం మంచిది.

‘ముందు’ అనే మాట వేరే ఇబ్బంది పెడుతుంది. ‘ముందు స్నానం, తర్వాత అన్నం’ అన్నప్పుడు అది మొదటిది. ‘పండక్కి రెండు రోజుల ముందు’ అంటే వెనకటి రోజు. ‘ముందు ముందు చూద్దాం’ అంటే రాబోయే కాలం. అనుభవమున్న థెరపిస్టులు మొదటి అర్థం ఒక్కటే తీసుకుని అది నిలదొక్కుకునేదాకా మిగతావి తేరు. రోజులకైతే ‘పోయిన’, ‘వచ్చే’ అనే మాటలు చాలా మేలు. పోవడం, రావడం పిల్లలకి ముందే తెలిసిన క్రియలు కదా.

ప్రత్యయాలు కూడా ఇక్కడే సాధన అవుతాయి. శుక్రవారం నాడు, పదో తేదీన, సంక్రాంతికి, వేసవిలో, సోమవారం నుంచి, శనివారం దాకా. ఎన్నో తేదీ, ఏ వారం, ఎప్పుడు, ఎన్ని రోజులు, ఎవరు, ఎందుకు అనే ప్రశ్నలకీ కొదవ ఉండదు. ఉచ్చారణ పని కావాలంటే మంగళవారంలో ‘ళ’, శుక్రవారంలో ‘క్ర’ ఉన్నాయి. అయితే ‘బుదవారం’ అన్న పిల్లవాణ్ని సరిదిద్దే ముందు అతని తాతయ్య ఎలా అంటాడో వినాలి.

యాస సంగతీ అంతే. ఒక ఇంట్లో గురువారం, ఇంకో ఇంట్లో లక్ష్మీవారం, తెలంగాణలో చాలా ఇళ్లలో బేస్తవారం. ఆదివారం ఐతారం అవుతుంది. ‘వచ్చాడు’ అనే చోట ‘వచ్చిండు’ అవుతుంది. ఇంట్లో వినే రూపమే థెరపీ రూపం. పుస్తకాల రూపం బడి నేర్పుతుంది.

వస్తువు నుంచి నెల దాకా

ఏ బిడ్డతో ఎక్కడ మొదలుపెట్టాలన్నది వయసుని బట్టి కాదు, బిడ్డ దేన్ని గుర్తుగా ఒప్పుకుంటుందన్నదాన్ని బట్టి తేల్చాలి. ఫొటో చూసి దాని వెనక ఉన్న మనిషిని తలచుకోలేని బిడ్డకి వస్తువే దిక్కు. గిన్నె ఇస్తే బువ్వ, మగ్గు ఇస్తే లాల, దిండు ఇస్తే జోజో. తెలుగు ఇళ్లలో పసిపిల్లల కోసం ఉన్న ఈ మాటలు రోజు పనుల పేర్లే కావడం థెరపిస్టుకి కలిసొచ్చే సంగతి. అయిపోయిన వస్తువుని బుట్టలో వేస్తూ ‘అయిపోయింది’ అనిపించడం చాలామంది పిల్లలకి మొదటి భూతకాలం అవుతుంది.

తర్వాత రెండు బొమ్మల పటం: ‘ముందు ఇది, తర్వాత అది’. తర్వాత పొద్దున్నుంచి రాత్రి దాకా రోజు పటం. ఆ పైన మూడు గళ్లు: నిన్న, ఇవాళ, రేపు. ఈ మూడు గళ్ల పట్టీని చాలామంది తొందరపడి దాటేస్తారు కానీ అసలు పనంతా దాని మీదే జరుగుతుంది. పొద్దున్నే పట్టీని ఒక గడి జరపాలి. నిన్న రేపటి గడిలో ఉన్న బొమ్మ ఇవాళ ఇవాళ్టి గడిలోకి వస్తుంది. ‘రేపు’ అన్నది ‘ఇవాళ’ ఎలా అయిందో బిడ్డ చేతులతోనే తెలుస్తుంది. ఎల్లుండి, మొన్న చేరిస్తే అయిదు గళ్లు. వారం పట్టీ ఆ తర్వాతే.

నెల క్యాలెండర్ చివరిది. దాన్ని చదవడం మనం అనుకున్నంత సులువు కాదు. వరస చివరికొచ్చాక కన్ను ఇంకో వరస మొదటికి దూకాలి. పైగా కొన్ని క్యాలెండర్లలో వారాలు ఎడమ నుంచి కుడికి నడిస్తే, కొన్నింట్లో పైనుంచి కిందికి నడుస్తాయి. తిథి, నక్షత్రం, రాహుకాలం, వర్జ్యం చిన్న అక్షరాల్లో కిక్కిరిసిన తెలుగు గోడ క్యాలెండర్ పెద్దవాళ్లకి నిధి, చిన్నవాళ్లకి చీమల పుట్ట. దాన్నే వాడాలనుకుంటే తేదీ అంకె కనిపించేలా వదిలి మిగతాది తెల్ల కాగితంతో మూసేయవచ్చు. ఎర్ర అంకెలను మాత్రం ఉంచాలి. సెలవు ఎప్పుడో వెతకడం పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేని పని.

బజారులో దొరికే రెడీమేడ్ పటాల గురించి ఒక మాట. వాటిలో వాతావరణం గడి ఉంటుంది, అందులో మంచు బొమ్మ ఉంటుంది. గుంటూరు పిల్లవాడికి కావలసింది ఎండ, వాన, మబ్బు, ముసురు, ఉక్కపోత.

దగ్గర నుంచి ఒక పది నిమిషాలు

అయిదేళ్ల బాబు, వాక్యాలు రెండు మూడు మాటలు దాటవు, జరిగినవన్నీ ‘వస్తాడు’, ‘తింటాడు’ అనే చెబుతాడు అనుకుందాం. వాళ్లమ్మ ఇంటి నెల క్యాలెండర్ తెచ్చింది. దాని మీద పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, చీటీ కట్టిన రోజు పెన్నుతో రాసి ఉన్నాయి. థెరపిస్టు నిన్నటి గడి మీద వేలు పెట్టింది.

‘నిన్న ఇంటికి ఎవరొచ్చారు నాన్నా?’

‘మామయ్య వస్తాడు.’

‘ఓహో, మామయ్య వచ్చాడా! నిన్న వచ్చాడు. నీకేం తెచ్చాడు?’

‘జాంకాయ.’

‘జాంకాయ తెచ్చాడు! ఒకటే తెచ్చాడా?’

‘చాలా… చాలా తెచ్చాడు.’

ఇక్కడ థెరపిస్టు ‘వస్తాడు కాదు, వచ్చాడు అను’ అనలేదు. బాబు చెప్పినదాన్నే సరైన రూపంలో తిరిగి అని, మాట ముందుకు నడిపింది. దీన్ని ‘రీకాస్ట్’ అంటారు. ఒకే రూపాన్ని కొద్ది నిమిషాల్లో పదిసార్లు వినిపించడానికి నిన్నటి గడి సాకు. మూడుసార్లు విన్నాక ‘తెచ్చాడు’ బాబు నోట తనంతట తనే వచ్చింది. ఆ తర్వాత వాడు జాంకాయ బొమ్మ గీస్తాడు, అది గడిలో ఉంటుంది, వారం తర్వాత ఆ గడి దగ్గరికి మళ్లీ వచ్చి ‘పోయిన బుధవారం ఏమైంది?’ అని అడగవచ్చు.

అడిగే ప్రశ్న నిజంగా ప్రశ్న కావాలి. తేదీ తనకి తెలిసీ ‘ఇవాళ తేదీ ఎంత?’ అని అడిగే పెద్దమనిషికి పిల్లవాడు ఒక అంకె చెప్పి ఊరుకుంటాడు. జాంకాయలు ఎన్ని తెచ్చాడో థెరపిస్టుకి నిజంగా తెలియదు, ఆ సంగతి పిల్లవాడికి తెలుసు.

అనుకున్నది జరగకపోతే

అనుకున్నట్టు జరిగిన రోజుల కన్నా తప్పిపోయిన రోజులు భాషకి ఎక్కువ పనికొస్తాయి. శనివారం గడిలో పార్కు బొమ్మ పెట్టారు, వాన పడింది, వెళ్లలేదు. ఇప్పుడు చెప్పడానికి ఎన్ని ఉన్నాయో చూడండి: వెళ్దామనుకున్నాం, వెళ్లలేదు, ఎందుకంటే వాన పడింది, వాన పడకపోతే వెళ్లేవాళ్లం, వచ్చే శనివారం వెళ్దాం. అనుకోవడం, కారణం, జరగనిది ఊహించడం, వాయిదా వేయడం, అన్నీ ఒక్క గడిలో ఉన్నాయి. చాలా ఇళ్లలో పార్కు బొమ్మని చప్పుడు చేయకుండా తీసేస్తారు, పిల్లవాడు ఏడుస్తాడని. తీయకుండా దాని మీద గీత కొట్టి, పక్కన వాన బొమ్మ గీయాలి.

ఆటిజం ఉన్న పిల్లలకి ఈ పనిలో జాగ్రత్త ఎక్కువ కావాలి. పటంలో ఉన్నది జరగకపోతే కొందరికి అది మోసంలా తోస్తుంది, గొడవ మొదలవుతుంది. అందుకే ‘మార్పు’ అనే గుర్తుని ముందు సంతోషకరమైన వాటితో అలవాటు చేస్తారు. హోమ్‌వర్క్ గడి మీద మార్పు గుర్తు పెట్టి ఐస్‌క్రీమ్ ఇస్తారు. నాలుగైదు సార్లు అలా అయ్యాక పార్కు రద్దయినా తట్టుకోగలుగుతారు. ఆటిజంలో బొమ్మల పటాల వంటి కంటి ఆధారాలకు గట్టి రుజువులున్నాయని అమెరికాలోని జాతీయ ఆటిజం ఆధారాల కేంద్రం 2020 నివేదిక లెక్కించింది. అందులో గుర్తించిన 28 పద్ధతుల్లో అవి ఒకటి.

కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలతో వరస మారుతుంది. ముందు మాట, తర్వాత బొమ్మ. ‘రేపు అమ్మమ్మ ఊరికి వెళ్తున్నాం’ అని వినిపించి, బిడ్డ ముఖంలో కదలిక కోసం ఒక క్షణం ఆగి, అప్పుడు ఫొటో చూపించాలి. ముందే చూపిస్తే చెవికి పనుండదు. ఏ మాటా రాని పిల్లలకి క్యాలెండరే నోరు: ఫొటో తీసి చేతికివ్వడమే అడగడం, రేపటి గడిలో తానే ఒక ఫొటో పెట్టడమే కోరిక చెప్పడం.

పండగలు, సంతలు

తెలుగు నేల మీద పిల్లలకి కాలాన్ని మోసుకొచ్చేవి తేదీలు కావు, పండగలు. భోగి, సంక్రాంతి, కనుమ వరసగా మూడు రోజులు. మంట, ముగ్గు, పశువుల అలంకరణ అని మూడు వేర్వేరు దృశ్యాలు. ‘నిన్న భోగి, ఇవాళ సంక్రాంతి, రేపు కనుమ’ అని మూడు గళ్ల పట్టీ మీద ఆడించడానికి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. తెలంగాణలో బతుకమ్మ ఇంకా గొప్పది. ఎంగిలి పూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులకీ తొమ్మిది పేర్లున్నాయి. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వేపకాయలు, వెన్నముద్దలు అని చాలా వాటి పేర్లలోనే ఆ రోజు నైవేద్యం గుర్తుంటుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆట లేదు. ‘ఎందుకు ఆడలేదు?’ ‘అలిగింది.’ కారణం చెప్పించడానికి వేరే పాఠం అక్కర్లేదు.

అయ్యప్ప మాల వేసుకున్న నాన్న ఉన్న ఇంట్లో నలభై ఒక్క రోజుల దీక్ష ఒక సహజమైన కౌంట్‌డౌన్. ఇంకా ఎన్ని రోజులు, మాల ఎప్పుడు తీస్తారు, చెప్పులు ఎందుకు వేసుకోరు అని పిల్లలే అడుగుతారు. ముస్లిం ఇంట్లో రంజాన్ నెల, క్రైస్తవుల ఇంట్లో ఆదివారం గుడి, క్రిస్మస్ ముందు రోజులు ఇదే పని చేస్తాయి. పల్లెల్లో వారపు సంత ఉంది. వారాల పేర్లు రాని పిల్లకి కూడా సంత రోజు మిరపకాయ బజ్జీ రోజని తెలుసు. వారం పట్టీలో మొదట నింపాల్సిన గడి అదే.

ఒకే ఇంట్లో రెండు భాషలు

హైదరాబాదులో, విజయవాడలో ఇంగ్లిష్ మీడియం పిల్లవాడు ‘మండే, ట్యూస్‌డే’ పాట గడగడా పాడతాడు, ‘రేపు ఏ వారం?’ అంటే తెల్లముఖం వేస్తాడు. ఇంట్లో పెద్దలూ ‘ట్వెల్త్‌కి పెళ్లి’ అనే అంటారు. కాబట్టి తేదీ అంకెలు ఇంగ్లిష్‌లో ఉండి, వారాలు తెలుగులో ఉండి, నెలలు జనవరి ఫిబ్రవరి అయితే కంగారు పడనక్కర్లేదు. ఆ ఇంటి భాష అదే. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు. లోపం ఉన్న పిల్లవాడు కూడా రెండు భాషలు నేర్చుకోగలడు. ‘ఇంట్లో తెలుగు మానేయండి’ అనే సలహాకి ఆధారం లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో పెరిగే తెలుగు పిల్లల విషయంలో దాని నష్టం ఇంకా ఎక్కువ. అమ్మమ్మతో వీడియో కాల్‌లో నిన్నటి ముచ్చట చెప్పాలంటే ఆ పిల్లవాడికి తెలుగు భూతకాలం కావాలి. కాల్ ఉన్న రోజు గడిలో అమ్మమ్మ ఫొటో పెట్టి, ఏం చెప్పాలో ముందే రెండు బొమ్మలు గీసుకుని కూర్చోబెడితే ఆ కాల్ ‘బాగున్నావా, బాగున్నా’ దగ్గర ఆగిపోదు.

ఆధారాలు, విమర్శ

క్యాలెండర్ పని బలమంతా దాని భాగాల నుంచి వస్తుంది. ప్యాట్రీషియా క్లీవ్ బృందం 2015లో రీకాస్ట్ మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ జోడించి చూసి, భాషా లోపం ఉన్న పిల్లల వ్యాకరణానికి అది మేలు చేస్తుందని తేల్చింది. ఎలెయిన్ రీస్, రియానన్ న్యూకోంబ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, జరిగిపోయిన సంగతులను పిల్లలతో వివరంగా, తెరిచిన ప్రశ్నలతో నెమరేసుకోవడం తల్లులకి నేర్పితే, పిల్లల జ్ఞాపకాలూ కథనమూ మెరుగయ్యాయి. క్యాలెండర్ ఈ రెండింటికీ రోజూ చోటు కల్పిస్తుంది. గోడకి తగిలిస్తే చాలు పనిచేస్తుందని అనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

పైగా ఎదురు వాదన గట్టిగానే ఉంది. సాలీ బెనెకి, మిషెలీన్ ఆస్ట్రోస్కీ, లిలియన్ కాట్జ్ 2008లో ‘యంగ్ చిల్డ్రన్’ పత్రికలో రాసిన వ్యాసంలో నర్సరీ క్లాసుల క్యాలెండర్ సమయాన్ని మంచి ఉద్దేశం దారి తప్పిన తీరుగా వర్ణించారు. తేదీల లెక్క అందే వయసు కాని పిల్లలను రోజూ కదలకుండా కూర్చోబెట్టి, ఒకరిద్దరు జవాబిస్తే మిగతావాళ్లు వంత పాడటం తప్ప ఏమీ జరగడం లేదన్నారు. బదులుగా రోజు పనుల బొమ్మల పటం, క్లాసులో జరిగినవాటి ఫొటోల వరస వంటివి వాడమన్నారు. ఆ సలహా చదివితే వాళ్లు వద్దన్నది బృందగానాన్నే, క్యాలెండర్‌ని కాదని తెలుస్తుంది. ముప్ఫై మంది ఒకేసారి ‘టుడే ఈజ్ మండే’ అని అరిచే గదిలో మాట రాని పిల్లవాడు పెదాలు కదిపి తప్పించుకుంటాడు. థెరపీ గదిలో ఒకరో ఇద్దరో ఉంటారు, తప్పించుకోవడానికి లేదు, అవసరమూ రాదు.

ఇంకో లోటు ఉంది. లక్ష్యం లేకుండా చేస్తే క్యాలెండర్ పని హాయిగా గడిచిపోయే కాలక్షేపం అవుతుంది. ఈ నెల ‘-ఆడు, -ఇంది’ భూతకాలం, వచ్చే నెల ‘ఎందుకంటే’ అని ఒకదాన్నే పట్టుకుని, పది అవకాశాల్లో ఎన్నిసార్లు సాయం లేకుండా అన్నాడో రాసుకుంటేనే ముందుకు వెళ్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. గదిలో పదికి ఎనిమిది వచ్చి ఇంట్లో ఒక్కటీ రాకపోతే, నేర్చుకున్నది ఆ అట్టకే అతుక్కుపోయిందని అర్థం. అప్పుడు అట్ట తీసేసి అడగాలి.

ఇంటి క్యాలెండర్

మన దేశంలో స్పీచ్ థెరపిస్టుల శిక్షణకి మొదటి పెద్ద కేంద్రం మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. 1983లో ముంబయిలో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించే 30 స్థితుల్లో భాష ఆలస్యం కూడా ఒకటి. గుర్తించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలున్నాయి. అయినా చాలామంది పిల్లలకి థెరపిస్టు దొరికేది వారానికి ఒకసారి, అదీ బస్సెక్కి వెళ్తే.

అలాంటప్పుడు క్యాలెండర్ రెండు గదుల మధ్య నడిచే ఉత్తరం అవుతుంది. అమ్మ రోజూ రాత్రి ఆ రోజు గడిలో ఒక్క ముక్క రాస్తుంది, చదువు రాని అమ్మ ఒక గుర్తు గీస్తుంది. పెద్ద సంగతులే కావాలని లేదు. కరెంటు పోయింది. గ్యాస్ బండ అయిపోయింది. తాతయ్య పళ్ల సెట్టు కట్టించుకున్నాడు. పిల్లి పాలు తాగేసింది. పిల్లవాడు ఏడ్చిన రోజు కూడా రాయాలి, ఎందుకు ఏడ్చాడో రాస్తే మరీ మంచిది. రాసేటప్పుడు పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇవాళ ఏం రాద్దాం?’ అని వాడినే అడగాలి, వాడు ఎంచుకున్నదే రాయాలి. మర్నాడు కాదు, రెండు మూడు రోజులయ్యాక ఆ గడి చూపించి అడగాలి. మర్నాడైతే వాడికింకా అది వేడి మీదే ఉంటుంది, పెద్ద వెతుకులాట అక్కర్లేకుండా చెప్పేస్తాడు. వారం చివర థెరపిస్టు ఏడు గళ్లూ చూసి, తనకి అర్థం కానిదాన్ని ఎంచుకుంటుంది. ‘ఇక్కడేదో గుండ్రంగా గీశారే, ఏమిటిది?’ అని ఆమె నిజంగా తెలియకే అడుగుతుంది, చెప్పగలిగినవాడు ఆ గదిలో పిల్లవాడొక్కడే.